ఆ కిర్రు ఎవరిది

చరిత్ర అన్నాక యుగవిభజన ఉండాలి. రాజ్యాల చరిత్రను రాజవంశాలను బట్టి విభజిస్తారు. భూమి చరిత్రను రాతిపొరలను బట్టి విభజిస్తారు. ఆ పాటల స్టూడియో చరిత్రను మాత్రం, నిష్పక్షపాతంగా ఆలోచిస్తే, ఒక వయొలిన్ వాద్యకారుడు కాగితం తిప్పే ముందు చూపుడు వేలిని నాలుకకు తాకించుకునే అలవాటును బట్టి విభజించవలసి ఉంటుంది. ఆ అలవాటుకు ముందు ఒక యుగం, తర్వాత ఒక యుగం. పూర్వయుగంలో రికార్డయిన పాటల్లో పల్లవికీ చరణానికీ నడుమ ఎండుటాకుల మీద పిల్లి నడిచినట్టు చప్పుడు వినిపిస్తుంది. అది స్వరాల కాగితాలు తిరిగే చప్పుడు. ఉత్తరయుగంలో అది లేదు. పిల్లి ఎక్కడికీ పోలేదు. వేలు తడిసింది, అంతే.

ఈ మహత్తర పరిణామానికి కారకుడైన మనిషిని స్టూడియోలో అందరూ పెద్దల్లుడు అనేవారు. హాల్లో వాద్యకారులు కూర్చునే కుర్చీలన్నీ తన చేతులమీదుగా చేసిన వడ్రంగి ఆయనకు మామగారు. అల్లుడు వయొలిన్ పెట్టె పట్టుకుని కొలువులో చేరిన రోజున, ఆ పెద్దమనిషి రంపం పక్కన పెట్టి, చెవిమీద పెన్సిలు సర్దుకుని, "మా పెద్దల్లుడండీ" అని ఊదేవాళ్లకీ వాయించేవాళ్లకీ వరసపెట్టి పరిచయం చేశాడు. దాంతో అమ్మానాన్నలు పెట్టిన పేరు ఆ గేటు దగ్గరే ఆగిపోయింది.

పెద్దల్లుడు అనే బిరుదులో ఒక ప్రమాదం దాగి ఉంది. చిన్నల్లుడు వచ్చేదాకా అది బయటపడదు.

చిన్నల్లుడు వచ్చాడు. ఆయనా వయొలినే. విశేషమేమిటంటే ఆయన్ని స్టూడియోలో చేర్పించింది స్వయానా పెద్దల్లుడే. అత్తగారు బతిమాలింది. "మీ మామయ్యగారు చెబితే సొంత అల్లుణ్ణి తెచ్చి కూర్చోబెట్టుకున్నాడంటారు బాబూ. నువ్వు చెబితే విద్య చూసి చెప్పావంటారు" అంది. పొగడ్తకు లొంగని మనిషి ఉండడు. ఉన్నా వయొలిన్ వాయించడు. పెద్దల్లుడు వెళ్లి సంగీత దర్శకుడితో ఒక మాట చెప్పి, తోడల్లుణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. ఏరి కోరి కొరివితో తల గోక్కోవడమంటే ఇదేనని ఆయన భార్య తర్వాతి కాలంలో వ్యాఖ్యానించింది. ఆ మాటనప్పుడు గోక్కున్న తల తన భర్తదని ఆవిడకు పెద్దగా బాధ ఉన్నట్టు కనిపించలేదు.

ఇక్కడ ఆ హాలు పద్ధతి ఒకటి చెప్పాలి. వయొలిన్ వాళ్లకు ఇద్దరికి కలిపి ఒక స్టాండు. దాని మీద ఒకే స్వరాల కాగితం. ఒకడు మైకు వైపు కూర్చుంటాడు, ఒకడు గోడ వైపు. కాగితం అయిపోవచ్చినప్పుడు మైకు వైపు వాడు వాయిస్తూనే ఉంటాడు. గోడ వైపు వాడు విల్లు ఆపి, ముందుకు వంగి, కాగితం తిప్పి, మళ్లీ అందుకుంటాడు. మైకుకు దగ్గర వాణ్ణి లోకం వింటుంది. గోడకు దగ్గర వాణ్ణి గోడ వింటుంది.

తొలిరోజుల్లో వరస సవ్యంగానే ఉండేది. పెద్దల్లుడు మైకు వైపు, చిన్నల్లుడు గోడ వైపు. ఒక మధ్యాహ్నం మంచి రసపట్టులో ఉండగా చిన్నల్లుడు కాగితం తిప్పబోయాడు. తిరగవలసింది ఒక కాగితం. కట్టంతా జారి నేలమీద పరుచుకుంది. సంగీత దర్శకుడు తల పట్టుకుని, "ఇద్దరూ చోట్లు మారండయ్యా!" అన్నాడు. మారారు. పెద్దల్లుడు వేలు తడుపుకున్నాడు, వంగాడు, తిప్పాడు. చీమ చిటుక్కుమనలేదు. అద్దం వెనక ఉన్న రికార్డిస్టు లేచి నిలబడి చూశాడు. ఆ హాల్లో అంత నిశ్శబ్దంగా కాగితం తిరగడం అదే మొదలు.

అంత బాగా తిప్పేవాణ్ణి మళ్లీ మైకు వైపు ఎవరు కూర్చోబెడతారు? మధ్యలో కొద్దికాలం తప్ప, ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఆయన గోడ వైపే ఉండిపోయాడు. తన నైపుణ్యమే తనను గోడకు నొక్కిపెట్టింది. పైగా ఒక సందేహం చెప్పులో రాయిలా ఆయనతోపాటు నడుస్తూ వచ్చింది: ఆ కాగితాలు జారాయా, వాడు జార్చాడా?

"నాకు అసూయా? వాడి మీదా?" అని పెద్దల్లుడు తరచు నవ్వేవాడు. అసూయ లేనివాళ్లకు అంత తరచుగా నవ్వవలసిన అవసరం రాదు. ఆయన గమనించని విషయం లేదు. మామగారు సాయంత్రం పని ముగించుకుని చిన్నకూతురి ఇంటికి వెళితే చొక్కా విప్పి దండెం మీద వేసుకుంటాడు. పెద్దకూతురి ఇంటికి వస్తే గుండీలు కూడా విప్పడు. అక్కడ రెండోసారి వడ్డించమని అడుగుతాడు, ఇక్కడ "చాలమ్మా, అరగదు" అంటాడు. అన్నిటికన్నా మించి, కుర్చీలు. అల్లుళ్లిద్దరికీ మామగారు ప్రత్యేకంగా చేసిపెట్టిన కుర్చీలు అవి. ఒకే కొలత, ఒకే చెక్క. కానీ ఒక రోజు హాలు ఖాళీగా ఉన్నప్పుడు పెద్దల్లుడు రెండింటినీ కిటికీ దగ్గరకు లాగి, వెలుతురులో పరీక్షించి ఇంటికొచ్చాడు.

"వాడి కుర్చీ వీపు పలకకి ఒక్క ముడి లేదే. అద్దంలా ఉంది. నాదానికి చూడు, వీపంతా ముడులే" అన్నాడు భార్యతో.

"మీరు ఆనుకుని కూర్చుంటారు కదా, ఎవరికి కనిపిస్తాయి?"

"చేసేటప్పుడు మీ నాన్నకి కనిపించలేదా?"

"మా నాన్న ముడులు చూసి ఇచ్చేవాడే అయితే నన్ను మీకెందుకు ఇస్తాడు? నాలో ఎన్ని ఉన్నాయో ఎప్పుడైనా లెక్క చూశారా?"

ఇలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పని మగవాళ్లే పండు ముసలితనం దాకా బతుకుతారు. పెద్దల్లుడు వయొలిన్‌కు శ్రుతి చూసుకోవడం మొదలుపెట్టాడు.

ఇలా ఉండగా ఆ పాట వచ్చింది.

ఆరోజుకు అది అన్ని పాటల్లాంటి పాటే. వీధి తలుపు వైపు చెవి పెట్టుకుని ఎదురుచూసే ఒకామె పాట. మొదటి చరణం చివర గాయని "వచ్చింది నువ్వేనా, గాలేనా" అని అడుగుతుంది. అంతే, హాలు మొత్తం ఆగిపోవాలి. ఒక గుక్క తిప్పుకునేంత నిశ్శబ్దం. ఆ తర్వాత వేణువు ఒక్కటే ఎత్తుకుంటుంది. స్వరాలు కాగితం మీదికి ఎక్కించే ఆయన, ఏ పరధ్యానంలో ఉన్నాడో గాని, సరిగ్గా ఆ నిశ్శబ్దం దగ్గరే కాగితం ముగించాడు. అంటే, అందరూ ఊపిరి బిగబట్టిన చోట పెద్దల్లుడు కాగితం తిప్పాలి. తిప్పాడు. వేలు తడుపుకుని, వంగి, పసిబిడ్డ మీద దుప్పటి తీసినట్టు తిప్పాడు. పాట అయ్యాక రికార్డిస్టు అద్దం వెనకనుంచి బాగుందన్నట్టు చెయ్యి ఊపాడు. అందరూ టీ తాగడానికి పోయారు.

కొన్నాళ్లకు రికార్డు అచ్చై వచ్చింది. స్టూడియో యజమాని అందరినీ హాల్లోకి పిలిచి, కొత్త రికార్డును స్వయంగా పెట్టి వినిపించడం అక్కడి ఆచారం. ఆయన్ని పెద్దాయన అనేవారు. ఆయన తలుపులకు దూది కూరించినవాడు. పక్కవీధిలో కుక్కలు మొరగకుండా వాటికి రోజూ రొట్టె వేయించినవాడు. ముల్లు రికార్డు మీద వాలింది. పాట సాగింది. "వచ్చింది నువ్వేనా, గాలేనా." నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో, స్పష్టంగా, తీరిగ్గా:

కి...ర్రు.

తర్వాత వేణువు ఎత్తుకుంది కాని ఎవరూ వినలేదు.

పెద్దాయన ముల్లు ఎత్తేశాడు. "ఈ హాల్లో దోమ కూడా నన్నడిగి ఎగరాలి. ఎవరిదా కుర్చీ?"

రికార్డిస్టు గొంతు సవరించుకుని, "ఒకసారి అసలు టేపు తీసి వింటే..." అన్నాడు.

"టేపా? వినగా వినగా అరిగిపోవడానికా? పని అయిపోయిన టేపు బీరువాలోనే ఉండాలని చెప్పానా లేదా? దేవుడిచ్చిన చెవులున్నాయి, చాలవూ? వయొలిన్ల వైపునుంచే వచ్చింది. ఎవరిది?"

ఇంటినిండా టేపు యంత్రాలున్న ఆ సంస్థలో ఆ టేపు వినాలన్న ఆలోచన అలా ఒక్క వాక్యంతో ముగిసింది. పాడిందానికి సాక్ష్యం రికార్డు, రికార్డుకు సాక్ష్యం పెద్దాయన చెవి. దానిపైన అప్పీలు లేదు.

హాలంతా చూపులు దించుకుంది. నిజం చెప్పాలంటే పెద్దల్లుడికి రికార్డింగు రోజున ఏ చప్పుడూ వినిపించలేదు. కాగితం తప్ప మరో ధ్యాస లేదు. అయినా సరే, ఆయన నోరు ఆయన్ని అడక్కుండానే తెరుచుకుంది.

"చెప్పడానికి మనసొప్పడం లేదండీ. నా పక్కనుంచే వచ్చింది."

"ఏ పక్క? గోడ పక్కా?"

"గోడ కుర్చీలో కూర్చోదు కదండీ."

"అన్నయ్యా!" అన్నాడు చిన్నల్లుడు. "నా కుర్చీయా? నేను కదల్లేదే! కదిలింది నువ్వు కదా?"

"నేను కదలడం నా ఉద్యోగం తమ్ముడూ. నువ్వు కదలడమే తప్పు."

మూలన నిలబడ్డ మామగారు అప్పటిదాకా ఓర్చుకున్నాడు. "నేను చేసిన కుర్చీ కిర్రుమనదు. కిర్రుమంటే అందులో కూర్చున్నవాడు అని ఉంటాడు" అని ప్రకటించి, రెండు కుర్చీలనూ రెండు చంకల్లో ఇరికించుకుని తన షెడ్డులోకి పోయాడు. అవమానభారంతో కీళ్లన్నీ ఊడదీసి, జిగురు పోసి, మళ్లీ బిగించి తెచ్చాడు. ఆ తర్వాత వాటిమీద ఏనుగు కూర్చున్నా చప్పుడు వచ్చేది కాదు. ఆ విధంగా భావితరాలకు దక్కవలసిన సాక్ష్యాధారాలు జిగురులో కలిసిపోయాయి.

పెద్దాయన తీర్పు చెప్పాడు. చిన్నల్లుడు గోడ వైపుకు, పెద్దల్లుడు మైకు వైపుకు.

ఆ కాలాన్ని స్వర్ణయుగమని ఎందుకు అనకూడదు? పెద్దల్లుడు ఇస్త్రీ చొక్కాలు తొడుక్కున్నాడు. ఇంటికి ఈల వేసుకుంటూ వచ్చాడు. చిన్నల్లుడు కాగితం తిప్పినప్పుడల్లా హాల్లో మళ్లీ పిల్లి నడిచేది, అందరూ పళ్లు కొరుక్కునేవారు. పెద్దల్లుడు మాత్రం ఆ చప్పుణ్ణి సన్నాయి విన్నట్టు వినేవాడు. స్వర్ణయుగాలన్నిటిలాగే అదీ త్వరగా అంతరించింది. కారణం, పాట జనంలోకి వెళ్లింది.

జనం ఆ కిర్రు విన్నారు. అది కుర్చీ అని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. తలుపు అనుకున్నారు. "వచ్చింది నువ్వేనా, గాలేనా" అని ఆమె అడగడమేమిటి, జవాబుగా తలుపు కిర్రుమనడమేమిటి! దర్జీ కొట్లో మిషన్లు ఆ క్షణానికి ఆగేవి. రేడియోలో ఒక విమర్శకుడు ఆ ఒక్క చప్పుడు గురించి కార్యక్రమం నడిచినంతసేపూ మాట్లాడి, పాట గురించి మాట్లాడడానికి సమయం లేక ముగించాడు. దాని పేరే తలుపు పాట అయిపోయింది. అభిమానులు స్టూడియో గేటు దగ్గర నిలబడి, "ఆ తలుపు ఒక్కసారి చూపిస్తారా అండీ?" అని అడిగేవారు. పెద్దాయన మొదట అయోమయపడ్డాడు. తర్వాత ఊరుకున్నాడు. ఆ తర్వాత, "ఆ చప్పుడు కోసం మేమెంత కష్టపడ్డామో మీకేం తెలుసు" అనడం మొదలుపెట్టాడు.

చిన్నల్లుణ్ణి పిలిపించి, వీపు తట్టి, మైకు వైపు కూర్చోబెట్టాడు. "నువ్వేనటయ్యా ఆ తలుపు!" అన్నాడు.

అప్పుడు తెలిసింది పెద్దల్లుడికి, తానేం చేశాడో. దొంగతనం జరిగితే పోలీసులకు చెప్పుకోవచ్చు. ఇది దొంగతనం కాదు, దానం. నిండు సభలో, నోరారా, సాక్షుల సమక్షంలో, ఆ కిర్రును తోడల్లుడికి ధారపోశాడు. చిన్నల్లుడి మీద గొప్ప కథలు మొదలయ్యాయి. మంగలి కత్తి ఆపి, "మీరేనట కదా బాబూ?" అని అడిగాడట. పిల్లల పాఠశాలలో హెడ్మాస్టరు కుర్చీ వేసి కూర్చోబెట్టి, అది కిర్రుమంటుందేమోనని చెవి పెట్టాడట. ఇవన్నీ మరదలు వచ్చి, "బావగారూ, విన్నారా?" అని మొదలుపెట్టి చెప్పేది. బావగారు వినేవారు. వినక చస్తారా, చెవి ఆయన వృత్తి. బస్సులో ఆ పాట వస్తే మాత్రం దిగిపోయేవాడు. దిగవలసిన చోటు అదేనా కాదా అన్నది తర్వాతి సంగతి.

ఏళ్లు గడిచాయి. పెద్దాయన పోయాడు. మామగారు పోయాడు. ఒక్క పెట్టెలోంచి వంద వయొలిన్ల మోత వచ్చే యంత్రాలు వచ్చాక హాల్లో కుర్చీలు గోడవారకు చేరాయి. తోడల్లుళ్లిద్దరూ రిటైరయ్యారు. స్టూడియోను పెద్దాయన కూతురు నడుపుతోంది. ఆవిడ మనవల్ని ఎత్తినా అక్కడ అందరికీ అమ్మాయిగారే. స్టూడియో పెట్టి యాభై ఏళ్లు నిండుతున్న సందర్భంగా, లోపలికి రాగానే కనిపించేలా ఒక గాజు పెట్టె చేయించి, అందులో తలుపు పాట కుర్చీని పెట్టాలని ఆవిడ నిశ్చయించింది.

ఆ వార్త ఫోన్లో మరదలి గొంతుగా ఇంట్లోకి వచ్చింది.

"మీ తోడల్లుడి కుర్చీని గాజు పెట్టెలో పెడతారటండీ. కింద పేరు కూడా రాస్తారట" అంది భార్య, ఫోను పెట్టేసి.

పెద్దల్లుడి చేతిలో టీ కప్పు పెదవులదాకా వచ్చి ఆగింది. "ఆ కుర్చీ నాది" అన్నాడు.

"ఏ కుర్చీ?"

"కిర్రుమన్న కుర్చీ. ఆ కిర్రు నాది."

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"అప్పుడది తప్పు. ఇప్పుడది కళ."

భార్య ఆ కప్పు అందుకుని పక్కన పెట్టి, "వెళ్లండి, వెళ్లి చెప్పండి. ఇంట్లో కూర్చుని నన్ను కిర్రుమనిపించకండి" అంది.

ఆయన వాదన బలమైనదే. ఆ చోట అందరూ బిగుసుకుని కూర్చున్నారు. కదలవలసిన మనిషి ఒక్కడే, కాగితం తిప్పేవాడు. మనిషి కదలకుండా కుర్చీ కదలదు. కాబట్టి కిర్రు గోడ వైపుది. ఇంత తేలిక విషయం ఇన్నేళ్లుగా లోకానికి ఎందుకు తట్టలేదో ఆయనకు అర్థం కాలేదు. చిన్నల్లుడు ఆనాడే "కదిలింది నువ్వు కదా?" అన్న సంగతి ఆయనకు గుర్తు లేదు.

అమ్మాయిగారు ఇద్దర్నీ హాలుకే పిలిపించింది. కుర్చీలు రెండూ పక్కపక్కన పెట్టి ఉన్నాయి. మధ్యలో పాత స్టాండు. పెద్దల్లుడు తన కుర్చీలో కూర్చుని, లేని వయొలిన్ గడ్డం కింద పెట్టుకుని, వేలు నాలుకకు తాకించుకుని, వంగి, లేని కాగితం తిప్పి చూపించాడు. వయసు మీదపడి మోకాలు కిర్రుమంది. అమ్మాయిగారు ముఖం పక్కకు తిప్పుకుంది గాని, వాదన ఆవిడకు నచ్చింది.

"నిజమే కదండీ" అంది చిన్నల్లుడితో. "కదిలింది ఆయనే కదా."

చిన్నల్లుడు లావెక్కాడు, చెవులు మందగించాయి. తొందరపడలేదు. "అయ్యుండొచ్చమ్మా. కాదనను. మరి ఆరోజు నాన్నగారి ముందు, నా కుర్చీ అని అన్నయ్య ఎందుకు చెప్పాడో అది కూడా అడగండి."

అమ్మాయిగారు ఇటు తిరిగింది. కుర్చీ కావాలంటే ఆ ప్రశ్నను దాటాలి. దాటడానికి ఒకటే దారి, ఆ దారిలో ఒకటే మాట. జీవితమంతా నవ్వి కొట్టిపారేసిన మాట.

"అసూయ" అన్నాడు పెద్దల్లుడు.

"ఏమిటీ?" అన్నాడు చిన్నల్లుడు, చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

"అసూయ!" ఈసారి హాలంతా వినిపించింది. పెద్దాయన దూది కూరించి కట్టించిన హాలు, ఒక్క అక్షరం బయటకు పోలేదు. "ఎవరి మీదేమిటి, నీ మీదే. నిన్ను నేను తెచ్చి కూర్చోబెడితే మైకు నీకు, గోడ నాకు. మామయ్యగారు నీ ఇంట్లో చొక్కా విప్పేవాడు. నీ కుర్చీకి ముడుల్లేవు, నాదానికి చూడు, చూడమ్మా, నువ్వూ చూడు. నీకు రెండోసారి వడ్డించమనేవాడు... అంటే, నీ ఇంట్లో. ఆ కాగితాలు నువ్వు కావాలనే జార్చావు. అందుకే చెప్పాను నీ కుర్చీ అని. అబద్ధం. కుర్చీ నాదే."

చిన్నల్లుడు తన కుర్చీ వీపు మీద చెయ్యి వేసి, ముడులు లేని ఆ చెక్కను మొదటిసారి చూస్తున్నట్టు నిమిరాడు.

"ఆ కాగితాలు నేను జార్చలేదు అన్నయ్యా" అన్నాడు. "చెమట. మొదట్లో నీ పక్కన కూర్చోవాలంటే చేతులకి చెమట పట్టేది."

పెద్దల్లుడు ఆ మాట నమ్మలేదు. అంతకాలం మోసిన రాయిని చెమట అంటే ఎవరు మాత్రం నమ్ముతారు?

అయితేనేం, గెలిచాడు. ముడుల కుర్చీయే గాజు పెట్టెలోకి వెళ్లాలని అమ్మాయిగారు తేల్చింది. ఆ వారమంతా పెద్దల్లుడు ఏదో ఒక వంకన స్టూడియోకు వెళ్లివచ్చాడు. ఒకరోజు గాజుకు మరకలున్నాయని, ఒకరోజు పేరు అక్షరాలు కాస్త చిన్నవయ్యాయని. కుర్చీని ముడులు కనిపించేలా వీపు ముందుకు తిప్పి పెట్టమన్నాడు. అప్పుడు ఎదుటివాళ్లకు కూర్చునే చోటు కనిపించదు కదండీ అని అమ్మాయిగారు అంటే, "కూర్చోబెట్టడానికి కాదు కదమ్మా" అన్నాడు. ఆయన భార్య చెల్లెలికి ఫోన్ చేసి, "మీ ఆయన ఏమీ అనుకోలేదు కదే?" అని అడిగింది. "నిద్రపోతున్నారక్కా" అంది చెల్లెలు. ఈ సమాధానం పెద్దల్లుణ్ణి బాధించింది. ఎదుటివాడు నిద్రపోతుంటే గెలుపు గెలుపులా ఉండదు.

వేడుక రోజు వచ్చింది. హాలు నిండింది. పాత వాద్యకారులు, వాళ్ల పిల్లలు, పత్రికల వాళ్లు. పెద్దల్లుడు ఇస్త్రీ చొక్కాతో గాజు పెట్టె పక్కన నిలబడ్డాడు. కుర్చీని ఆ ఒక్క సభకోసం బయటకు తీసి వేదిక మీద పెట్టారు. చిన్నల్లుడు ముందు వరసలో, భార్య పక్కన. అమ్మాయిగారు మైకు ముందుకొచ్చి, ఒక విశేషం ఉందని చెప్పింది. పాత టేపుల్ని బాగుచేసే ఒకావిడ నెలరోజులుగా బీరువాలన్నీ వెతికి తలుపు పాట అసలు టేపును పట్టుకుంది. రికార్డింగు రోజున తిరిగిన టేపు అది. తర్వాత ఎవరూ విననిది. అందరం ఇవాళే మొదటిసారి వింటున్నాం అంది. చప్పట్లు.

టేపులావిడ యంత్రం తిప్పింది. పాట ఎంత తేటగా ఉందంటే, గాయని ఊపిరి పీల్చుకోవడం కూడా వినిపించింది. పోయినవాళ్లందరూ తిరిగొచ్చి వాయిస్తున్నట్టుంది. ఒకరిద్దరు కళ్లు తుడుచుకున్నారు. పెద్దల్లుడి చూపుడు వేలు తనంతట తానే పెదవులదాకా వెళ్లింది.

"వచ్చింది నువ్వేనా, గాలేనా."

నిశ్శబ్దం.

వేణువు.

హాల్లో జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "వెనక్కి తిప్పండి" అంది అమ్మాయిగారు. తిప్పారు. "నువ్వేనా, గాలేనా." నిశ్శబ్దం. వేణువు.

"కిర్రు ఏదమ్మా?" అన్నాడు పెద్దల్లుడు.

"టేపులో లేదండీ" అంది టేపులావిడ, మామూలుగా. "రికార్డుల ఫ్యాక్టరీలో అచ్చు మీద గీత పడి ఉంటుంది. అచ్చు మీద పడితే దాంతో తీసిన రికార్డులన్నిట్లోనూ అదే చోట వస్తుంది. తర్వాత వచ్చిన క్యాసెట్లు కూడా ఆ రికార్డులోంచే ఎక్కించారు కదా. కుర్చీది కాదండీ."

పత్రికల వాళ్లు రాసుకోవడం ఆపారు. అమ్మాయిగారు మైకు ముందే నిలబడి, గ్లాసులో ఉన్న మంచినీళ్లన్నీ తాగింది. పెద్దల్లుడు మెల్లగా వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు. అది చప్పుడు చెయ్యలేదు. మామగారి జిగురు. ఇదే హాల్లో, ఎవరూ అనని కిర్రు కోసం, తనలోని అసూయనంతా వరస తప్పకుండా ఒప్పేసుకున్నాడు. ఆ సంగతి కాసేపటికి గాని లోపలికి దిగలేదు. దిగాక, మొదటి వరస వైపు చూశాడు. చిన్నల్లుడి ముఖంలోనూ ఏమీ మిగల్లేదు. ఇన్నేళ్లు తలుపుగా బతికిన మనిషి.

పెద్దల్లుడికి ప్రాణం కొంచెం కుదుటపడింది. నాకు లేకపోతే పోయింది, వాడికీ లేదు కదా!

అప్పుడు చిన్నల్లుడు లేచి, వేదిక మెట్లు పట్టుకుని ఎక్కి, పక్కకు వచ్చి వంగాడు.

"ఆ చోట ఏమీ వినిపించలేదు అన్నయ్యా" అన్నాడు చెవిలో. "కాగితం తిప్పిన చప్పుడు కూడా."

అది మెప్పో ఎత్తిపొడుపో పెద్దల్లుడు ఇంకా తేల్చుకోలేదు. భార్యను అడిగితే, "మీకేది కావాలో అది అనుకోండి" అంది. ఆ జవాబుతో ఏ పనీ జరగదు.

గాజు పెట్టె చేయించేశారు కాబట్టి పారెయ్యలేదు. అందులో ఇప్పుడు మంటలు ఆర్పే సిలిండరు ఉంది.